ఏం తాగుతున్నాయని అడిగిన డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను బర్రె కింద కూర్చుని ఉన్నాను. గైబీ నగర్‌లో మా దగ్గర పాలు తీసుకునే చాయ్ హోటల్ భాయి ఫోన్ చేసి, "భాభీ, ఆప్‌కీ డాక్టరమ్మ గుజర్ గయీ" అన్నాడు. నా రెండు చేతులూ పొదుగు మీద ఉంటే మా ఆయన ఫోన్ నా చెవి దగ్గర పట్టుకున్నాడు. చేపుకు వచ్చిన బర్రెను సగంలో వదిలేస్తే మళ్లీ చేపదు. పొదుగులో పాలు నిలిచిపోతే అదొక రోగం. ఆ మాట నాకు నేర్పింది కూడా డాక్టరమ్మే. అందుకని ఏడుస్తూనే పితికాను. చివరి ధార దాకా పితికి, పాలు వడపోసి, క్యాను మూత పెట్టి, ఆ తర్వాత బర్రెలు కట్టే తబేలా గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను.

మంచం మీంచి అత్తమ్మ "ఏమైందే" అని అడిగింది. చెప్పాను. ఆమె "నాకంటె చిన్నది గదనే. నా మోకాళ్లకు మందు రాయమంటె, నాలుగు కాళ్లున్నోళ్లకే నేను డాక్టర్ను అక్కా అనేది," అంది. అంత దుఃఖంలోనూ ఇద్దరం నవ్వాం. డాక్టరమ్మను తలుచుకుంటే ఎవరికైనా అంతే. ఆమె పేరు చెప్పి పూర్తిగా ఏడవడం కష్టం.

మట్టికి పోయిన నాడు తెలుగు చర్చి ముందు చేరిన జనాన్ని చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం వేసేది. తబేలాల వాళ్లు, గైబీ నగర్ మేకల వ్యాపారులు, చుట్టుపక్కల ఊళ్ల మరాఠీ రైతులు, వాళ్ల మధ్య పాట పుస్తకాలు పట్టుకున్న చర్చి ఆడవాళ్లు. ఎవరి భాషలో వాళ్లు ఆమె తిట్టిన తిట్లు చెప్పుకుంటున్నారు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది మాత్రం మా అత్తమ్మ తమ్ముడు. ఆయన నూలు సైజింగ్‌లో మేస్త్రిగా చేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నాడు. నాకు మామ వరస, మేస్త్రి మామ అంటాను. బర్రెలు లేవు, మేకలు లేవు, ఈయనెందుకు ఇంత ఏడుస్తున్నాడని పక్కనున్న వాళ్లు నన్ను అడిగారు. ఆ రోజు ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

మగ్గాల ఊళ్లో బర్రెలేమిటని భివండిలోని మా పద్మనగర్ తెలియని వాళ్లు అనుకోవచ్చు. కరెంటు పోతే లూమ్ ఆగుతుంది, చాయ్ లేకపోతే లూమ్ నడిపే మనిషి ఆగిపోతాడు. ఆ చాయ్‌లోకి పాలు పోసేవాళ్లం మేము. మా మామగారు కరీంనగర్ వైపు నుంచి లూముల మీద పనికని వచ్చి, ఆ పని ఒంటికి పడక బర్రెలు కట్టుకున్నారట. కూలీల కుటుంబాలుండే చాళ్ల వెనక, లూమ్ షెడ్డు గోడకు ఆనుకుని మా తబేలా ఉంటుంది. గోడ అవతల పగలంతా లూములు టకటకలాడుతూనే ఉంటాయి. మా బర్రెలకు ఆ చప్పుడు అలవాటై, అది ఆగినప్పుడే తలెత్తి చూస్తాయి. మామగారు పోయాక అత్తమ్మా నేనూ ఆ పని అందుకున్నాం. మా ఆయన పక్కనున్న పూర్ణలో గోదాము ఉద్యోగానికి పోతాడు, పొద్దునా సాయంత్రం మాకు చేయందిస్తాడు.

డాక్టరమ్మ కూడా కరీంనగర్ మనిషే. హైదరాబాదులో పశువైద్యం చదివి, పెళ్లి చేసుకుని భివండి వచ్చింది. సర్కారు ఉద్యోగానికి ఎందుకు పోలేదని అడిగితే, "నన్ను బదిలీ చేస్తరు, బర్రెలను చెయ్యరు గద" అనేది. చీర మీద మగవాళ్ల చొక్కా, స్కూటీ వెనక మందుల పెట్టె, ఎండైనా వానైనా నెత్తికి తువ్వాలు. మనుషులతో ఎవరి భాష వాళ్లతో మాట్లాడేది కానీ, పశువులతో మాత్రం తెలుగే. ఒక మరాఠీ రైతు, తన బర్రెకు తెలుగు రాదు కదా తాయీ అన్నాడట. "మరాఠీ వచ్చా? ఏదీ, ఒక మాట చెప్పించు" అని ఆయననే అడిగిందట. ఆ రైతే ఈ సంగతి చర్చి ముందు మాకు చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికి వస్తే ముందు మనుషులను పలకరించేది కాదు. తిన్నగా పేడ దగ్గరికి పోయి ఒక పుల్లతో కదిపి చూసేది. తర్వాత బర్రె చెవి మొదట్లో చెయ్యి పెట్టి వేడి చూసేది. ఆ తర్వాత దాని మూతి దగ్గర ముక్కు పెట్టేది. ఈనిన బర్రె నోట్లోంచి మాగిపోయిన పండులాంటి తియ్యటి వాసన వస్తే, తినే తిండి చాలక ఒంట్లో కొవ్వు కరిగిపోతోందని అర్థమట. ఇవన్నీ అయ్యాకే మా వైపు తిరిగి "ఎట్లున్నవ్ బిడ్డా" అనేది. "మా పేడకున్న మర్యాద మాకు లేకపాయె" అని అత్తమ్మ మూతి తిప్పేది. "నీ పేడ అబద్ధమాడది అక్కా, నువ్వు ఆడుతవ్" అని ఈమె.

చాయ్ ఇస్తే నల్ల చాయే తాగేది. పాల వాళ్లింట్లో పాలు లేని చాయ్ ఇవ్వడం మాకు నామోషీ. ఎంత బతిమాలినా వినేది కాదు. ఒకరోజు గట్టిగా అడిగితే, "మీ పాలు తాగినంక, రేపు మీ పాలు మంచిగలేవని చెప్పనీకి నాకు నోరెట్ల వస్తది" అంది. అత్తమ్మ ఆ రోజంతా అలిగింది. మర్నాడు నల్ల చాయ్‌లో అల్లం ఎక్కువ వేసి ఇవ్వమని నాతో చెప్పింది.

మా ఊరిలో బర్రెలు పెంచడం వేరు, పల్లెటూళ్లో పెంచడం వేరు. ఇక్కడ రంగుల కార్ఖానాల నీళ్లు పోయే మోరీ పక్కన గడ్డి పచ్చగా, మోకాలెత్తు పెరుగుతుంది. కొత్తగా వచ్చిన రోజుల్లో అది చూసి నేను ఆశపడి కొడవలి పట్టుకుపోయాను. డాక్టరమ్మ ఎదురొచ్చి స్కూటీ ఆపి, కొడవలి తీసుకుని తన పెట్టెలో వేసుకుని వెళ్లిపోయింది. పాత బ్యాటరీలు పగలగొట్టే దుకాణం దగ్గర మేకలను తిరగనిచ్చారని గైబీ నగర్ వాళ్లను నడి బజార్లో నిలబెట్టి తిట్టింది. సీసం, రాగి, జింకు, ఇవన్నీ ఆమె నోట్లో ఎరిగిన మనుషుల పేర్లలాగే ఉండేవి. "ఇవి పురుగులు కావు బిడ్డా, సూదేస్తె సచ్చిపోనీకి. వచ్చి లోపట కూసుంటయ్" అనేది. అన్నీ చెడ్డవని కూడా అనేది కాదు. రాగి బొత్తిగా లేకపోతే బర్రె చూలు కట్టదట, వెంట్రుక రంగు పోతుందట. "చిటికెడు ఉండాలె. పిడికెడు పడితె పాణం తీస్తది" అని వేళ్లతో చూపించేది.

ఇక మేస్త్రి మామ సంగతి. సైజింగ్ అంటే, పడుగు నూలును గంజిలో ముంచి, ఆరబెట్టి, భీము అనే పెద్ద ఇనుప దండెకు చుట్టే చోటు. గంజి పట్టని పోగు లూమ్ మీద తెగిపోతుంది. మా వాళ్లు ఊళ్లో చేమగ్గాలు నేసినప్పుడు ఇంట్లోనే బియ్యంతోనో జొన్నలతోనో గంజి కాచేవాళ్లట. పడుగుకు పట్టించగా మిగిలింది పశువుల తొట్టిలోకి పోయేది. గంజి పారబోయడం మా ఇళ్లల్లో అన్నం పారబోయడంతో సమానం. ఆ అలవాటు మనుషులతో పాటు రైలెక్కి భివండి వచ్చింది. ఇక్కడ సైజింగ్‌లో మక్క పిండితో గంజి కాస్తారు. మిగిలినదాన్ని మేస్త్రి మామ రోజూ సాయంత్రం ఒక బకెట్‌లో పోసి, పైన గోనెపట్టా కప్పి, సైకిల్‌కు తగిలించుకుని అక్క ఇంటికి తెచ్చేవాడు. బకెట్ ఇంకా వెచ్చగా ఉండేది. సైకిల్ మలుపు తిరగగానే మా బర్రెలు మెడలు చాచేవి. ఆయనకు పిల్లలు లేరు. బర్రెలు తాగుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని, పెళ్లిపందిట్లో వడ్డన చూసుకునే పెద్దమనిషిలాగా నిలబడేవాడు.

ఒక వానాకాలం మా ఇంటికి చెడ్డకాలం వచ్చింది. ముందు, కొత్తగా ఈనిన బర్రె ఎర్రగా మూత్రం పోసింది. చూస్తుండగానే అది కడక్ చాయ్ రంగుకు తిరిగింది. డాక్టరమ్మ వచ్చి, ఈనిన బర్రెలకు ఒంట్లో భాస్వరం తగ్గితే ఇలా అవుతుందని సూదులు వేసింది. బర్రె దక్కలేదు. ఆ దుఃఖం తీరకముందే అత్తమ్మ పెంచుతున్న పొట్టేలు పడిపోయింది. అది బోనాలకని మొక్కిన అమ్మవారి పొట్టేలు. గారాబం దానికి, గంజిలో మొదటి వాటా కూడా దానికే. కళ్లు పసుపుముద్దల్లా అయ్యాయి, పొద్దుటికి కాళ్లు చాపేసింది. అత్తమ్మ గడప మీద కూలబడి, అమ్మవారికి ఏం తక్కువ చేశానని అడుగుతూ ఉండిపోయింది.

అదే వేళకు చుక్క మేత మానేసింది. నుదుట తెల్ల మచ్చ ఉన్న బర్రె అది, నిండు చూలుతో ఉంది. మిగిలినవి రెండూ వట్టిపోవడానికి వచ్చాయి, ఇచ్చేది చెరో చెంబెడు. చుక్క ఈనితేనే మాకు చాలినన్ని పాలు, పాలుంటేనే మా తబేలా. దాని కంటి రెప్ప తిప్పి చూస్తే లోపల పసుపు పచ్చగా ఉంది. అది పోతే ఇక బర్రెలు కట్టేది లేదని మా ఆయన మెల్లగా అన్నాడు. పొద్దున లేచి పొదుగు కడగని జీవితం నాకు ఊహకు అందలేదు.

డాక్టరమ్మ వచ్చి పొట్టేలును కోసి చూస్తానంది. అత్తమ్మ అడ్డం నిలబడింది. అమ్మవారి సొమ్ము, కత్తి పెట్టడానికి వీల్లేదంది. డాక్టరమ్మ వాదించలేదు. గడప మీద ఆమె పక్కన కూర్చుని, నేనిచ్చిన నల్ల చాయ్ తాగి, "అక్కా, నాది వేరే దేవుడు, నీ అమ్మవారి సంగతి నాకు పూర్తిగ తెల్వది. గని ఆమె తీసుకునేదుంటె బోనాల దాకా ఆగకపోవునా? దీన్ని ఇంకెవలో తీసుకున్నరు. ఎవలో సూద్దాం" అంది. అత్తమ్మ పొట్టేలు నుదుట కుంకుమ పెట్టి, పక్కకు జరిగింది.

తబేలా వెనక పట్టా పరిచి కోసింది. కాలేయం పసుపు పచ్చగా ఉంది. మూత్రపిండాలు మాత్రం నల్లగా, తుపాకి గొట్టం ఇనుములాగా మెరుస్తున్నాయి. డాక్టరమ్మ గొంతుక్కూర్చుని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఈనిన బర్రెకు ఎర్రమూత్రమొస్తె భాస్వరం తక్కువైందనుకున్న," అంది నెమ్మదిగా. "ఈ నలుపు సూస్తె దీనికి గుడ ఎర్రమూత్రమే. ఈనని పొట్టేలుకు ఎట్లొచ్చింది మరి?"

కాలేయం ముక్క ఐసు డబ్బాలో పెట్టుకుంది, ముంబైలో పరీక్షకు పంపడానికి. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి, పశువులు ఏం తింటున్నాయో మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. గడ్డి, తవుడు, పత్తి చెక్క, ఆమె రాసిచ్చిన పొడి. మోరీ గడ్డి లేదు, ఒట్టు. సరిగ్గా ఆ మాటల మధ్యలోనే మేస్త్రి మామ సైకిల్ మలుపు తిరిగింది. పొద్దుటి నుంచి తల ఎత్తని చుక్క మెడ చాచింది.

డాక్టరమ్మ చుక్కను చూసి, బకెట్‌ను చూసి, "గదేంది?" అంది.

"గంజి" అన్నాం అత్తమ్మా, మా ఆయనా, నేనూ ఒకేసారి. అన్ని సార్లు అడిగినా మేం గంజి మాట ఎందుకు చెప్పలేదంటే, అది మాకు దాణా కాదు, మందు కాదు, చెప్పుకోవాల్సిన వస్తువే కాదు. నీళ్లు పోస్తున్నామని ఎవరైనా చెబుతారా?

డాక్టరమ్మ లేచి బకెట్ మీద గోనెపట్టా తీసింది. "అన్నా, వానకాలంల పోగుకు బూజు పట్టకుండ దీంట్ల ఏమన్న కలుపుతరా?"

తన పని గురించి అడిగేవాళ్లు దొరకరు కాబట్టి మేస్త్రి మామ హుషారుగా చెప్పాడు. "కలుపుతం డాక్టరమ్మా. మోర్‌చూద్. ఊర్ల మైలుతుత్తం అంటరు సూడు, గదే. అది లేకుంటె వానలకు భీము మీదనే పోగు నల్లబడుతది. ఈ సారి వానలు ఎక్కువ గద, జెర ఎక్కువనే ఏస్తున్నం."

"మైలుతుత్తం అంటె రాగే అన్నా," అంది డాక్టరమ్మ.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత పొట్టేలు పడి ఉన్న పట్టా వైపు చూశాడు, చుక్క వైపు చూశాడు, చివరకు అక్క వైపు చూశాడు. "ఇన్నేండ్ల నుంచి నేనేనా పోసింది?" అన్నాడు.

డాక్టరమ్మ ఆ మాటను గాల్లో ఉండనివ్వలేదు. "నువ్వొక్కనివే కాదు. పోయినేడు బర్రెలు చూలు కడ్తలేవంటె నేను పొడి రాసిచ్చిన. దాంట్ల గుడ రాగి ఉంటది. సగం నువ్వు పోసినవ్, సగం నేను పోసిన. ఏం తింటున్నయని ప్రతిసారి అడిగిన గని, ఏం తాగుతున్నయని ఒక్కసారన్న అడగలే. అడగాల్సింది నేను."

భివండిలో డాక్టర్లను తక్కువమందినేం చూడలేదు నేను. వాళ్ల లెక్కలో తప్పు రోగిది, తప్పు రోగి ఇంటివాళ్లది, తప్పు వానలది. తప్పు నాది అన్న డాక్టరును మాత్రం ఆ ఒక్కరోజే చూశాను. ఆ తర్వాత ఆమె ఏ ఇంటికి పోయినా మొదటి ప్రశ్న ఏం తాగుతున్నాయన్నదే అయింది. ఇంకా కొన్ని తబేలాల్లో సైజింగ్ గంజి పోస్తున్నారని తేలితే, గడప గడపకూ పోయి, ఇదే కథలో తన వాటా కూడా దాచకుండా చెప్పి మాన్పించింది.

మేస్త్రి మామ ఆ సాయంత్రం బకెట్ అక్కడే వదిలేసి సైకిల్ తోసుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కబురు పంపితే కడుపు నొప్పి అన్నాడు. అత్తమ్మకు బర్రె దిగులుతో పాటు ఈ దిగులు. "నేను కోపంల ఉన్ననని వాడనుకుంటుండు. నేనేడ కోపంల ఉన్న? మా అమ్మ గుడ ఊర్ల అదే పోసింది, నేను గుడ పోసిన" అని గోడకు చెప్పుకునేది.

డాక్టరమ్మ పరీక్ష ఫలితం కోసం ఆగలేదు. రాగిని పట్టుకుని ఒంట్లోంచి బయటికి తీసుకుపోయే మందు తెచ్చింది. పాల సంగతి కూడా నేను భయపడుతూ అడిగాను, ఆ పాలు చిన్నపిల్లలున్న ఇళ్లకు పోతాయి కదా. రాగి పాలలోకి పెద్దగా దిగదని, అది కాలేయంలోనే కూర్చుంటుందని చెప్పి, అయినా మా పాలు కూడా పరీక్షకు పంపింది. పాలు బాగానే ఉన్నాయని తెలిశాక నాకు ఊపిరాడింది. తర్వాత మమ్మల్ని హెచ్చరించింది. "కాలేయం గుట్టుగల్ల ఇల్లాలి లెక్క. అన్నీ దాసుకుంటది, దాసుకుంటది. జెర బెదిరిందా, అంతా ఒక్కపారి బజార్ల పడేస్తది. గప్పుడే ఎర్రమూత్రం. చుక్కను బెదిరియ్యొద్దు, గుంజొద్దు, పట్టుకోని నోట్ల పొయ్యొద్దు. గొట్టంతోని పోస్తె మందు ఊపిరితిత్తులల్లకు పోతది. అదే తాగాలె."

అదే తాగాలి, కానీ అది తాగడం లేదు. మందు కలిపిన నీళ్లు మిగిలిన రెండూ తాగినా, చుక్క వాసన చూసి తల తిప్పుకుంది. రోజూ గంజికి అలవాటైన బర్రె, కడుపులో దూడ, ఒక్కసారిగా గంజి ఆగిపోయింది. ఆ లోటు తీరకపోతే ఇంకో రోగం పట్టుకుంటుందని డాక్టరమ్మ అంటే, నేనే మక్క పిండి తెచ్చి గంజి కాచాను. చుక్క మూతి పెట్టి, తీసి, నా వైపు ఒక చూపు చూసింది. మా ఆయన కూడా నా వంటను అంత మాట అనలేదు ఎప్పుడూ. బెల్లం వేశాను. ఉప్పు వేశాను. పలచగా కాచాను, చిక్కగా కాచాను. లాభం లేదు.

అప్పుడు డాక్టరమ్మ చుక్క మూతి దగ్గర ముక్కు పెట్టింది. లేచి, "తియ్యటి వాసన మొదలైంది. ఇగ ఆగనీకి లేదు. ఎక్కు" అని నన్ను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తిన్నగా సైజింగ్‌కు పోయింది.

లోపల ఆవిరి. మేస్త్రి మామ పెద్ద తొట్టి పక్కన కర్రతో కలుపుతున్నాడు. మేం వచ్చామని తెలిసినా తల ఎత్తలేదు. డాక్టరమ్మ ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "అన్నా, నీ పని పడ్డది" అంది.

"నా చెయ్యి పడ్డదానికి ఏమైందో సూసినవ్ గద డాక్టరమ్మా."

"అది మైలుతుత్తం చేసింది, నీ చెయ్యి కాదు. నీ చెయ్యి నాకు గావాలె. ఈ పోరి కాసిన గంజి దానికి నచ్చలే. మీ ఇంట్ల, మీ పొయ్యి మీద, ఒట్టి మక్క పిండితోని రోజు లెక్కనే కాసి తే. మందు నేను కలుపుత. గని నువ్వే తేవాలె, నువ్వే ముందల పెట్టాలె."

ఆయన కర్ర ఆపాడు. "నాకు భయమైతది," అన్నాడు.

"నాకు గుడ అయితది," అంది డాక్టరమ్మ. "రా."

ఆ సాయంత్రం ఆయన సైకిల్ మీద రాలేదు. బకెట్‌ను రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా, పద్మనగర్ గల్లీలన్నీ నడిచి వచ్చాడు. వాకిట్లో ఆగిపోయాడు. అత్తమ్మ ఎదురు పోయి ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. డాక్టరమ్మ మందు కలిపింది. ఆయన బకెట్ చుక్క ముందు పెట్టి, దాని పక్కన నేల మీద కూర్చుని, "దా బిడ్డా" అన్నాడు.

చుక్క వాసన చూసింది. తల పైకెత్తింది. అయిపోయిందనుకున్నాను. అది మేస్త్రి మామ భుజం వాసన చూసింది, ఆయన చేతులు వాసన చూసింది, మళ్లీ మూతి దించింది. గుటకల చప్పుడు వినబడింది. మధ్యలో బకెట్ ఒరిగితే అత్తమ్మ కూర్చుని రెండో వైపు పట్టుకుంది. అక్కాతమ్ముళ్లు అటొకరు ఇటొకరు, మధ్యలో చుక్క తల. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చుక్క బతికింది. మేస్త్రి మామ రోజూ రెండు పూటలా తెచ్చాడు, ముంబై నుంచి వచ్చిన ఫలితం డాక్టరమ్మ మాటే నిజమంది, చలికాలంలో పెయ్యదూడ పుట్టింది. అవన్నీ ఆ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం మాకెవరికీ అవేమీ తెలియవు. బకెట్ అడుగు గీరుకునే చప్పుడు వినబడగానే, డాక్టరమ్మకు ఈ మాట చెబుదామని నేను వెనక్కి తిరిగాను. పక్కన లేదు. వాకిట్లో నల్లా దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడి, రబ్బరు బూట్లు కడుక్కుంటోంది. పిలిచాను. తిరగలేదు. దగ్గరికి పోయి చూస్తే బూట్ల మీద మట్టి ఎప్పుడో పోయింది, నీళ్లు తేటగా జారిపోతున్నాయి. ఆమె తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్లీ ఒక చెంబు నింపి, ఆ శుభ్రమైన బూట్ల మీదే పోసుకుంది.